ఉన్నకాడికి ఇస్తే తీసుకోరు!

బాపు చొక్కాకు లోపలివైపు ఓ జేబుండేది. బస్సులో ఎవరూ కొట్టేయకుండా అమ్మ చేత్తో కుట్టింది. నెలకోసారి అందులో అయిదొందల రూపాయలు మడిచిపెట్టి, పైన పిన్నీసు గుచ్చుకుని, కోరుట్లలో జగిత్యాల బస్సెక్కేవాడు. సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. పిన్నీసు పెట్టినచోటే ఉండేది. జేబులో డబ్బులూ అలాగే ఉండేవి.

‘తీస్కోలేదా?’ అనేది అమ్మ, చేతిలో బీడీ చుట్టడం ఆపకుండానే.

‘తీస్కోలే’ అనేవాడు బాపు.

అంతే. ఆ పూట ఇంట్లో మరో మాట ఉండేది కాదు. అమ్మ తునికాకు కత్తిరిస్తున్న చప్పుడు మాత్రం వినపడేది.

నాకప్పుడు పదకొండేళ్ళు. అప్పిచ్చినవాళ్ళు గుమ్మం ముందు నిలబడి కేకలేయడం తెలుసు. సినిమాల్లో చూశాను, మా వాడకట్టులోనూ చూశాను. కానీ తీసుకున్నవాడే ఎదురెళ్ళి ‘ఇదిగో, కొంత తీసుకో’ అంటే వద్దనేవాళ్ళుంటారా? వచ్చే డబ్బు ఎవరికి చేదు? ఆ ప్రశ్నకు జవాబు దొరకడానికి నాకు ఆరేళ్ళు పట్టింది.

బోరు తెచ్చిన నోటు

2001 మే నెల. కోరుట్ల పక్కన మాకు ఎకరంన్నర చెలక ఉండేది. పసుపు వేయాలంటే నీళ్ళు కావాలి. బోరు వేయించడానికి బాపు జగిత్యాలలో ఎరువుల దుకాణం నడిపే సేటు దగ్గర 15,000 రూపాయలు తీసుకున్నాడు. నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి. మా వైపు వడ్డీని మిత్తి అంటాం. తాకట్టు లేదు, జామీను లేదు. ప్రామిసరీ నోటు, దాని మీద రెవెన్యూ స్టాంపు, స్టాంపు మీద బాపు సంతకం... అంతే.

ఆ సేటును చెడ్డవాడని నేను ఇప్పటికీ అనలేను. బ్యాంకుకు వెళ్తే పహాణీ తెమ్మంటారు, నో డ్యూ తెమ్మంటారు, అవన్నీ తెచ్చేసరికి మృగశిర దాటిపోతుంది. అడిగిన అరగంటలో నోట్లు లెక్కపెట్టి చేతిలో పెట్టినవాడు ఆయనొక్కడే.

బోరు బండి వచ్చింది. రాత్రంతా వేశారు. దుమ్ము లేచింది కానీ నీళ్ళు లేవలేదు. తెల్లారి బాపు ఇంటికొచ్చినప్పుడు తల నుంచి కాళ్ళ దాకా తెల్లగా ఉన్నాడు. అమ్మ నీళ్ళు తోడి ఇచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు.

పంట మీద ఆశ పోయింది కనుక అప్పు కూలి డబ్బుతోనే తీరాలి. అమ్మ బీడీల పైసలు, బాపు కైకిలి పైసలు కలిపితే నెలకు అయిదొందలు పక్కన పెట్టొచ్చని ఇద్దరూ లెక్క వేసుకున్నారు. ఆ అయిదొందలే జేబులో జగిత్యాల వెళ్ళి, జేబులోనే తిరిగొచ్చేవి.

ఓ సెలవురోజు బాపు నన్నూ వెంట తీసుకెళ్ళాడు. దుకాణంలో యూరియా వాసన. సేటు గల్లాపెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ‘ఏం బిడ్డా, ఏం చదువుతున్నవ్?’ అని అడిగి, పక్క కొట్టు నుంచి గోళీసోడా తెప్పించాడు. బాపు పిన్నీసు తీసి డబ్బులు ముందు పెట్టాడు.

‘అయిదొందలు తెచ్చి చేతుల పెడితే నేనేం జేసుకోవాలె?’ అన్నాడు సేటు. కసురుకోలేదు, నవ్వుతూనే అన్నాడు. ‘ఈ చిల్లర ఇక్కడికిక్కడే ఖర్సైతది. అంతా ఒక్కతాన జమ చేసి తే. నాకేం తొందర లేదు. నువ్వెటు పోతవ్... నేనెటు పోత?’

‘ఉన్నకాడికి తీస్కోండ్రి సేటూ. నా దగ్గరుంటే గూడ ఖర్సైతయి’ అన్నాడు బాపు.

సేటు మళ్ళీ నవ్వాడు. నా సోడా అయిపోయింది. ఇద్దరం బస్టాండుకు నడిచాం.

వెనక్కి వచ్చిన డబ్బుకు ఓ గుణం ఉంది. అది ఇంట్లో నిలవదు. అప్పు కోసమని తీసిపెట్టినప్పుడు అది అప్పు డబ్బు. జ్వరమొచ్చినా, పండగొచ్చినా ముట్టుకోబుద్ధి కాదు. అవతలివాడు వద్దన్నాక అది మామూలు డబ్బే. ఓసారి నా స్కూలు ఫీజైంది. ఓసారి నాయినమ్మ కళ్ళద్దాలైంది. ఓ నెల ఏమైందో ఎవరికీ గుర్తులేదు. అలా రెండేళ్ళు గడిచాయి. ఆ రెండేళ్ళలో బాపు మెల్లగా జగిత్యాల వెళ్ళడం తగ్గించాడు. ‘పోయి ఏం జేయాలె, తీస్కోడు గద!’ అనేవాడు. అప్పున్నవాడు అప్పిచ్చినవాడి మొహం తప్పించుకోవడం ఎక్కడ మొదలవుతుందో నాకు అప్పుడే తెలిసింది. ఎగ్గొట్టాలన్న ఆలోచనతో కాదు... ఇవ్వబోయిన చేయి ఊరికే వెనక్కి రావడంతో మొదలవుతుంది.

లెక్క చెప్పిన నిజం

ఇంటర్ చదివేటప్పుడు ఓ రోజు నోటు పుస్తకం వెనక పేజీలో ఆ లెక్క నేనే వేశాను. మీరూ ఓసారి చూడండి.

15,000కు నూటికి రెండు రూపాయల చొప్పున నెల మిత్తి 300. సేటు మొదటి నెల నుంచీ బాపు తెచ్చిన 500 తీసుకుని ఉంటే, 300 మిత్తికి పోగా 200 అసలులో తగ్గేది. రెండో నెల మిత్తి 14,800 మీదే... అంటే 296. ఆ నెల అసలు 204 తగ్గేది. ఇలా నెలనెలా మిత్తి కొంచెం కొంచెం చిక్కిపోతూ, 47వ నెలలో ఆఖరుగా 137 రూపాయలిస్తే బాకీ పూర్తిగా తీరిపోయేది. మొత్తం కట్టింది 23,137 రూపాయలయ్యేది. అందులో సేటుకు లాభం 8,137.

తీసుకోకపోతే? అసలు 15,000 అలాగే కూర్చుంటుంది. నెలకు 300 దానికి తోడవుతూనే ఉంటుంది. ఆరేళ్ళకు మిత్తి ఒక్కటే 21,600. అసలుతో కలిపి 36,600.

రెండు లెక్కలకూ తేడా 13,463 రూపాయలు. సేటు ‘చిల్లర’ అని తోసేసిన డబ్బు ఖరీదు అది! ‘నాకేం తొందర లేదు’ అన్న మాటలో ఎంత నిజముందో ఆ పేజీ చూశాక అర్థమైంది. తొందరెందుకుంటుంది? మేం పడుకున్న రాత్రి కూడా ఆయన డబ్బు మేలుకుని పనిచేస్తోంది.

వంద రూపాయల చెల్లు

అసలు ముచ్చట ఇంకా ఉంది.

2004 మే నెలలో ఓ పొద్దున సేటే మా ఇంటికి వచ్చాడు. మూడేళ్ళలో అదే మొదటిసారి. బాపు కంగారుగా మంచం వాల్చాడు. అమ్మ చాయ్ పెట్టింది. కుశలమడిగి, వానల మాట మాట్లాడి, సేటు చివరికి జేబులోంచి నోటు తీశాడు.

‘ఓ వంద రూపాయలియ్యి. నోటు మీద చెల్లు రాస్కుందాం.’

బాపు మొహం వెలిగిపోయింది. తీసుకోనన్న మనిషి తీసుకుంటానంటున్నాడు! అమ్మ బియ్యం డబ్బాలోంచి వంద నోటు తెచ్చిచ్చింది. నోటు వెనక ‘నూరు రూపాయలు ముట్టినవి’ అని సేటు రాశాడు. కింద తేదీ వేయించి బాపుతో సంతకం పెట్టించుకున్నాడు. ‘ఇగ ఇట్లనే తీస్కుంటరు కావచ్చు’ అని బాపు ఆ రోజంతా సంతోషంగా ఉన్నాడు. మరుసటి నెల పిన్నీసు పెట్టుకుని మళ్ళీ జగిత్యాల వెళ్ళాడు. మళ్ళీ అదే మాట... ‘అంతా ఒక్కసారి తే.’

ఆ వంద ఎందుకు పనికొచ్చిందో, తర్వాత తెచ్చిన అయిదొందలు ఎందుకు పనికి రాలేదో మాకు తెలియలేదు. మా వాడకట్టులో ఉండే వకీలు గుమాస్తా చెప్పాకే తెలిసింది. ప్రామిసరీ నోటు మీద కోర్టుకు వెళ్ళాలంటే మూడేళ్ళ లోపే వెళ్ళాలి. ఆ గడువు తీరకముందే అప్పున్నవాడు కొంచెమైనా కట్టి, కట్టినట్టు సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్ళీ కొత్తగా మూడేళ్ళు మొదలవుతాయి. 1963 నాటి కాలపరిమితి చట్టం చెప్పేది అదే. కట్టింది వందైనా సరే, పది రూపాయలైనా సరే.

అంటే చిన్న మొత్తానికి విలువ లేదన్నది అబద్ధం. అసలును తగ్గించే అయిదొందలు సేటుకు చిల్లర. నోటుకు ఆయుష్షు పోసే వంద మాత్రం లక్షతో సమానం. ఆ సంగతి ఆయనకు తెలుసు. మాకు తెలియదు. మాకూ ఆయనకూ తేడా అదొక్కటే.

అమ్మ పాసుపుస్తకం

అంతకు ఏడాది ముందే అమ్మ ఒక పని చేసింది. మాలో ఎవరికీ అదంత పెద్ద పనిగా అనిపించలేదు. ఓ నెల బాపు యథాప్రకారం డబ్బులతో తిరిగొచ్చాడు. అమ్మ చేటలోంచి లేచి, ఆ డబ్బులు చేతిలోకి తీసుకుని ‘సేటు తీస్కోకపోతే తీస్కోకపాయె. మనం ఇచ్చినట్టే లెక్క’ అంది. మర్నాడు పోస్టాఫీసుకు వెళ్ళి నెలకు 500 చొప్పున అయిదేళ్ళ రికరింగ్ డిపాజిట్ తెరిచింది. అది 2003 జూన్. సేటు వద్దన్న డబ్బుకు ఇంటి బయట ఓ ఇల్లు దొరికింది. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. బీడీలకు ఆకు రాని నెలల్లో అమ్మ ఎవరింట్లో ఏ పని చేసిందో గానీ, ఆ పాసుపుస్తకంలో ఒక్క నెలా ఖాళీ లేదు.

2007 మే నెలలో సేటు మళ్ళీ వచ్చాడు. మళ్ళీ చాయ్. మళ్ళీ అదే మాట... ‘ఓ వంద రూపాయలియ్యి.’

ఈసారి అమ్మ డబ్బా దగ్గరికి వెళ్ళలేదు. కొంగు నడుముకు చుట్టుకుని గుమ్మంలో నిలబడింది.

‘సేటూ, నెలనెలా మేం తెస్తే చిల్లరన్నరు. మరి గీ వందేంది?’

సేటు మాట్లాడలేదు. బాపు తలెత్తలేదు.

‘బాకీ ఎగ్గొట్టేటోళ్ళం గాదు. ఒక్క రూపాయి తక్కువియ్యం. కని ఇయ్యాల్టితోని మిత్తి ఆగాలె. గట్లయితేనే సంతకం’ అంటూ అమ్మ పాసుపుస్తకం తెచ్చి మంచం మీద పెట్టింది. 48 నెలలు, 48 ముద్రలు. సేటు ఒక్కో పేజీ తిప్పి చూశాడు. చాలాసేపు చూశాడు.

ఇద్దరు పెద్దమనుషులను పిలిపించారు. లెక్క తేల్చారు. ఆరేళ్ళ మిత్తితో కలిపి 36,600. ముట్టిన వంద పోగా 36,500. మరుసటి ఏడు జూన్‌లో పోస్టాఫీసు డబ్బు చేతికి రాగానే మొత్తం కట్టాలి. అప్పటిదాకా మిత్తి లేదు. అది నోటు వెనకే రాసి ఇద్దరూ సంతకాలు చేశారు. గడువు దాటే దాకా నోరు మూసుకుని కూర్చుని ఉంటే ఆ నోటు చిత్తుకాగితమయ్యేదని ఎవరో అమ్మతో అన్నారు. ‘కాగితం చెల్లకుంటే తీస్కున్నయి తీస్కోనట్టయితదా?’ అంది అమ్మ.

2008 జూన్‌లో పోస్టాఫీసు వాళ్ళు 36,445 రూపాయలిచ్చారు. బాకీకి 55 రూపాయలు తక్కువ! జగిత్యాల బస్టాండులో దిగాక అమ్మ కొంగుముడి విప్పి, అయిదు పది నోట్లు, ఒక అయిదు రూపాయల బిళ్ళ తీసి బాపు చేతిలో పెట్టింది. సేటు లెక్క పెట్టుకుని నోటు తిరిగిచ్చాడు. బయటికి రాగానే బాపు దాన్ని చింపబోయాడు. అమ్మ ఆపింది. ఆ నోటు ఇప్పుడు నా దగ్గరుంది.

సిరిసిల్లలో మరో ‘వద్దు’

పత్రికలో చేరాక ఇదే ‘వద్దు’ నాకు వేరే వేరే వేషాల్లో కనిపించింది. ఒకటి మా మేనమామ ఇంట్లోనే. మామ సిరిసిల్లలో మరమగ్గాల కార్మికుడు. ఒక్కడే నాలుగైదు సాంచాలు నడిపేవాడు. సాంచా అంటే మగ్గమే. కూతురు పెళ్ళికని యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. వారం వారం కూలిలో కొంత కోసుకోమంటే యజమాని వద్దనేవాడు. ‘ఏం తొందర? పని చేస్తనే ఉన్నవు గద!’ అని ఆయనదీ ప్రేమగా చెప్పే మాటే. మామ భీవండి వెళ్దామనుకున్నప్పుడు మాత్రం మాట మారింది... ‘అడ్వాన్సు మొత్తం ఒక్కసారి కట్టి పో.’

సేటుకు కావాల్సింది మిత్తి. ఇక్కడ మిత్తి లేదు. కావాల్సింది మనిషి. బాకీ తగ్గితే మనిషి జారిపోతాడు. అందుకే తగ్గనివ్వరు. అడ్వాన్సు పేరు చెప్పి మనిషిని మరోచోట పని చేసుకోనివ్వకుండా ఆపడం వెట్టి కిందికే వస్తుందని 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం చెబుతోంది. ఆ సంగతి మామకు నేను చెప్పేనాటికి ఆయనకు భీవండి వెళ్ళే వయసు దాటిపోయింది. సిరిసిల్ల పేరు పత్రికల్లో ఎక్కువగా వచ్చింది నేతన్నల ఆత్మహత్యలతోనే. ఆ వార్తలన్నింట్లో ‘అప్పుల బాధ’ అని రెండు మాటలుంటాయి. ఆ రెండు మాటలు రాయాల్సి వచ్చినప్పుడల్లా నాకు పిన్నీసు పెట్టిన జేబు గుర్తొస్తుంది. ఆ మనిషి ఎన్నిసార్లు ఉన్నకాడికి తీసుకెళ్ళి ఉంటాడు? ఎన్నిసార్లు వెనక్కి వచ్చి ఉంటాడు?

మూడోది కోరుట్లలో మా చిన్నమ్మది. 2010లో సూక్ష్మరుణ సంస్థ నుంచి అయిదుగురు ఆడవాళ్ళు కలిసి అప్పు తీసుకున్నారు. ఒకరికొకరు పూచీ. వారానికి ఒక్కొక్కరు 250 కట్టాలి. ఓ వారం చిన్నమ్మ దగ్గర 180 ఉన్నాయి. వసూలుకొచ్చిన కుర్రాడు వాటిని ముట్టుకోలేదు. ‘గ్రూపు మొత్తం నిండితేనే తీసుకుంట’ అని అరుగు మీద కూర్చున్నాడు. మిగతా నలుగురూ చిన్నమ్మ వంక చూశారు. 70 రూపాయల కోసం ముప్ఫై ఏళ్ళ స్నేహాలు తెగాయి. అప్పిచ్చినవాడి బదులు పక్కింటివాళ్ళే అడిగేలా చేయడం... ఆ పద్ధతిలోని కిటుకు అదే.

వేధింపులు, ఆత్మహత్యల వార్తలు వరసగా రావడంతో 2010 అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. తర్వాత అది చట్టమైంది. వారం వసూళ్ళు పోయి నెలవారీ అయ్యాయి. ఇంటి మీదికి రాకుండా పంచాయతీ ఆఫీసు లాంటి చోట్లే వసూలు చేయాలన్నారు. వడ్డీ అసలును మించకూడదన్నారు. రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన సంస్థలకు ఆ రాష్ట్ర చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ సంస్థలకు ఇప్పుడు రిజర్వు బ్యాంకు నిబంధనలే దిక్కు. వాటి ప్రకారం ఇంటిల్లిపాది నెల ఆదాయంలో వాయిదాలన్నీ కలిపి సగం దాటకూడదు. ముందే కట్టేస్తామంటే జరిమానా వేయకూడదు. ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు ఫోన్ చేయకూడదు.

మరి మనమేం చేయాలి?

ఈ ప్రశ్న తెలిసిన న్యాయవాదిని అడిగాను. ఆయన చెప్పిన మొదటి మాట నాకు నచ్చలేదు. కానీ నిజం కనుక రాస్తున్నాను. మొత్తం బాకీలో కొంతే ఇస్తామంటే అప్పిచ్చినవాడు తీసుకుని తీరాలని చట్టం బలవంతపెట్టదు. అలా తీసుకోవాలని నోటులోనే వాయిదాలు రాసుకుని ఉంటే తప్ప. అందుకే అప్పు తీసుకునే రోజే ‘నెలకు ఇంత చొప్పున అసలులో జమ చేసుకోవాలి’ అని ఒక్క వాక్యం రాయించుకోవాలి. అవసరం తలమీదున్నప్పుడు ఆ వాక్యం గుర్తురాదు. గుర్తొచ్చినా అడగడానికి నోరు రాదు. అయినా అడగాలి.

మొత్తం చేతిలో ఉండి, సాక్షుల ముందు ఏ షరతూ పెట్టకుండా ఇవ్వబోతే, అప్పుడూ వద్దంటే సంగతి వేరు. ఇక తప్పు మనది కాదని 1872 నాటి కాంట్రాక్టు చట్టమే చెబుతోంది. ఇల్లో పొలమో కుదువ పెట్టి తీసుకున్న అప్పయితే, ఆ మొత్తాన్ని కోర్టులో జమ చేసే వీలు 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో ఉంది. పద్ధతి ప్రకారం జమ చేసి అవతలివాళ్ళకు నోటీసు అందాక వడ్డీ ఆగుతుంది. దావా పడితే భయపడి కోర్టుకు వెళ్ళడం మానేయకూడదు. వెళ్ళి వాయిదాల్లో కడతానని అడిగితే డిక్రీలోనే వాయిదాలు పెట్టే అధికారం జడ్జికి ఉంది. అంతదాకా పోకుండా లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు. అక్కడ కోర్టు ఫీజు లేదు. అక్కడ కుదిరిన రాజీకి డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది.

ఇచ్చే ప్రతి రూపాయికీ ఆనవాలు ఉండాలి. అప్పట్లో మనియార్డరుండేది. ఇప్పుడు ఫోన్‌లోనే పంపొచ్చు. ‘ఫలానా నోటు బాకీలో జమ’ అని ఓ ముక్క రాసి పంపితే అది తేదీతో సహా నిలిచి ఉంటుంది. ఇలా కొంత కట్టడంతో నోటు గడువు మళ్ళీ మొదలు కావచ్చన్నది మాత్రం తెలిసే చేయాలి. బాకీ తీరాక నోటు వెనక్కి తీసుకోవడం మరవొద్దు. బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలైతే అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో ఆస్తి కాగితాలు తిరిగివ్వాలి. వాళ్ళ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి. 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉన్న నిబంధన ఇది.

బ్రిటన్‌లో అప్పుల్లో కూరుకుపోయినవాళ్ళు నెలకు ఒక్క పౌను చొప్పున కట్టే పద్ధతి ఒకటుంది. ఆ పౌనుతో అప్పు తీరదు. కానీ ఇవ్వాలనుకునే మనిషి ఇంకా అక్కడే ఉన్నాడని అది నెలనెలా చెబుతూ ఉంటుంది. మొదటిసారి ఆ సంగతి చదివినప్పుడు బాపు గుర్తొచ్చాడు.

అవతలివాళ్ళు దేనికీ ఒప్పుకోకపోతే? అప్పుడు అమ్మ చేసిన పని ఉంది. ఇచ్చినట్టే లెక్కగట్టి, ఇంట్లో పెట్టకుండా బయట వేయడం.

రెండు వందలు

కొన్నేళ్ళ తర్వాత జగిత్యాల వెళ్ళినప్పుడు సేటును చూశాను. దుకాణం కొడుకులకు అప్పగించి, బయట కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గుర్తుపట్టి మళ్ళీ సోడా తాగుతావా అని అడిగాడు. నేను ఉండబట్టలేక అడిగేశాను... ‘బాపు తెచ్చిన పైసలు ఎందుకు తీస్కోలేదు తాతా?’

ఆయన దాచలేదు. ‘పని చేస్తున్న ఎడ్లను నడిమిట్ల ఇంటికి తోల్కొస్తమా బిడ్డా?’ అన్నాడు. కాసేపాగి ‘మీ అమ్మ మంచిగున్నదా?’ అని అడిగాడు.

ఆయన మీద నాకున్న కోపం నిరుడు కొంచెం తగ్గింది. తగ్గడానికి కారణం నేనే.

మా ఆఫీసుకు చాయ్ తెచ్చే కుర్రాడికి ఊళ్ళో ఏదో అవసరం వచ్చి మూడు వేలు అడిగితే ఇచ్చాను. మిత్తి లేదు, నోటు లేదు. నెల తిరగ్గానే రెండు వందలు తెచ్చాడు. పాపం, చిన్న జీతం కదా అనిపించింది. ‘ఉండనీరా, తొందరేముంది? అన్నీ కలిపి ఒక్కసారి ఇద్దువులే’ అన్నాను. ఎంతో మంచితనంతో అన్నాననే అనుకున్నాను. వాడు కదల్లేదు. నోట్లు చేతిలో అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

‘తీస్కో అక్కా. నా దగ్గరుంటే ఖర్సైతయి’ అన్నాడు.

పాతికేళ్ళ కిందటి యూరియా వాసన ఒక్కసారి ముక్కుకు తగిలినట్టయింది. వాడి చేతిలోంచి ఆ రెండు వందలు తీసుకున్నాను. డైరీ తెరిచి వాడి పేరు, తేదీ రాసి, కింద ‘200 ముట్టినవి. ఇంక 2,800’ అని రాసి వాడికి చూపించాను. వాడు రెండుసార్లు చదువుకుని, ఖాళీ గ్లాసులు ఏరుకుని, ఈల వేసుకుంటూ మెట్లు దిగి వెళ్ళాడు.

జగిత్యాల నుంచి తిరిగొచ్చే బస్సులో బాపు ఎప్పుడూ ఈల వేయలేదు.